కాలి ఆపరేషన్ తర్వాతి ఎపిడ్యూరల్ మందులపై మీరు పంచిన కరపత్రం గురించి ఫిర్యాదు

మెడికల్ విభాగం అధిపతి గారికి,

విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా పనిచేస్తున్నాను. మీ మందుల కంపెనీ రెప్ ఇచ్చి వెళ్లిన కరపత్రాన్ని మా వార్డు నర్సులు బల్ల అద్దం కింద పెట్టుకున్నారు. దాన్ని చూసే జూనియర్లు మందులు రాస్తున్నారు. నా ఆందోళన అదే.

ఎపిడ్యూరల్‌గా, అంటే వెన్నులో పెట్టిన సన్నని గొట్టం ద్వారా, రోపివకైన్ (తిమ్మిరి మందు), ఫెంటానిల్ (గట్టి నొప్పి మందు) కలిపి ఇస్తే, బుపివకైన్ (ఇదీ తిమ్మిరి మందే), ఫెంటానిల్ కలిపి ఇచ్చినదాని కంటే నొప్పి బాగా తగ్గుతుందని పెద్ద అక్షరాల్లో వేశారు. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో మోతాదులున్నాయి: రోపివకైన్ 0.2 శాతం, బుపివకైన్ 0.0625 శాతం. రోపివకైన్ బలం తక్కువని మత్తు వైద్యం చదివిన ప్రతివాళ్లకూ తెలుసు. అందుకే 0.2 శాతం రోపివకైన్‌కు సాటిగా మేం మామూలుగా 0.125 శాతం బుపివకైన్ వాడతాం. మీరు అందులో సగం ఇచ్చి, ఆ మందు పనిచేయలేదని రాశారు. దీన్ని పోలిక అని ఎలా అంటారు?

పైగా నొప్పి స్కోరు తప్ప ఇంకేం చూపించలేదు. కాలి బలం చెప్పే బ్రోమేజ్ స్కోరు ఎక్కడా లేదు. మోకీలు మార్పిడి అయిన మర్నాడు ఫిజియోథెరపిస్టు లేపబోతే, గాజువాక నుంచి వచ్చిన ఒక పెద్దావిడ "నొప్పి లేదమ్మా, కాలే రావట్లేదు" అని బెదిరిపోయింది. ఆవిడ నొప్పి స్కోరు సున్నా. నడక మాత్రం వాయిదా పడింది. మోకాలి కింద ఎముక విరిగినవాళ్లలో ఇంకా ప్రమాదం. కండరాల్లో ఒత్తిడి పెరిగితే ముందు హెచ్చరించేది నొప్పే. తిమ్మిరి మరీ గాఢంగా ఉంటే ఆ హెచ్చరిక మాకు అందదు.

వెనక పేజీలో ఫెంటానిల్ బదులు డెక్స్‌మెడెటోమిడిన్ అనే మగత మందు కలిపితే దురద ఉండదన్నారు. దురద తగ్గే మాట నిజమే. నాడి నెమ్మదించడం, బీపీ పడిపోవడం, మగత, వీటి ఊసే లేదు. ఆ మందు సీసాతో వచ్చే మీ కాగితంలో నరంలోకి ఇవ్వాలనే ఉంది, ఎపిడ్యూరల్ మాటే లేదు. రాత్రి డ్యూటీ నర్సుకు ఇవి తెలియకపోతే ఎలా?

మందుల మధ్య పోలిక వాస్తవంగా, న్యాయంగా, రుజువు చూపగలిగేలా ఉండాలని 2024 నాటి కేంద్ర ఫార్మా మార్కెటింగ్ నియమావళి చెబుతోంది. కాబట్టి నగరంలో పంచిన ప్రతులన్నీ వెనక్కి తీసుకోండి. ఎంతమంది రోగులు, గంటకు ఎన్ని ఎంఎల్, ఎవరికి కాలు బరువెక్కింది, ఎవరికి బీపీ తగ్గింది, మొత్తం డేటా పంపండి. జవాబు రెప్ నోటి మాటగా వద్దు, మీ విభాగం నుంచి రాతపూర్వకంగా రావాలి. రాకపోతే మీ పరిశ్రమ సంఘం ఎథిక్స్ కమిటీకి ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
మత్తు వైద్యురాలు,
విశాఖపట్నం