చీటీ చేతికొచ్చాక ఎంట్రీ పోకూడదు

సంపాదకుల వారికి,

దాళ్వా (రబీ వరి) కోతలు జోరందుకుంటే మిల్లుల్లో, వేబ్రిడ్జిల (బండి కాటాల) దగ్గర కంప్యూటర్లు నత్తనడక నడుస్తున్నాయని గోల మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లు వచ్చి డేటాబేస్‌లో ఒక్క అంకె మార్చి పోతారు. పని పరుగందుకుంటుంది. ఏం మార్చారో ఓనరుకు చెప్పరు. గాలివానకు కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని గోదావరి జిల్లాల్లో అది చెప్పి తీరాలి.

మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఆ అంకె ఉండే సెట్టింగు ‘ఇన్నోడీబీ ఫ్లష్ లాగ్ ఎట్ టీఆర్‌ఎక్స్ కమిట్’. 1 ఉంటే ప్రతి కమిట్‌కూ (ఎంట్రీని ఖాయం చేయడం) లాగ్ (మార్పుల చిట్టా) డిస్కులో పడ్డాకే ‘సేవ్ అయింది’ అంటుంది. 2 పెడితే లాగ్ ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర ఆగి, సుమారు సెకనుకోసారి డిస్కుకు చేరుతుంది. మైఎస్‌క్యూఎల్ ఒక్కటే ఆగితే నష్టం లేదు, కరెంటు పోయినా, కంప్యూటరే ఆగిపోయినా ఆఖరి సెకను ఎంట్రీలు గల్లంతు. 0 అయితే మైఎస్‌క్యూఎల్ ఆగినా గల్లంతే. సెకనేగా అంటారు. ఆ సెకనులోనే కాటా చీటీ ప్రింటయి రైతు చేతికి వెళ్లిపోతుంది. కంప్యూటర్లో ఆ ట్రాక్టరే ఉండదు.

పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌లో ఇలాంటి సెట్టింగే అయిన ‘సింక్రనస్ కమిట్’ ఆపితే పోయేవి ఆఖరి ఎంట్రీలే, ఫైళ్లు చెడవు. రాసింది నిజంగా డిస్కుకు చేరేలా చూసే ‘ఎఫ్‌సింక్’ ఆపితే మొత్తం డేటాబేసే పాడవవచ్చు. దాని జోలికి అసలు పోవద్దు.

నిజానికి జబ్బు వేరే చోట ఉంది. ఆటోకమిట్‌లో (ప్రతి ఆదేశం దానంతటదే కమిట్ అయ్యే పద్ధతి) వెయ్యి వరుసలు (ఎంట్రీలు) ఒక్కొక్కటిగా ఎక్కిస్తే వెయ్యిసార్లు డిస్కు కోసం ఆగాలి. 7200 ఆర్‌పీఎం (నిమిషానికి 7200 చుట్లు) హార్డ్‌డిస్కు సెకనుకు తిరిగేదే 120 చుట్లు. ఒక్కో కమిట్‌కు దాదాపు ఒక చుట్టు పడుతుంది కాబట్టి ఒక్క కనెక్షన్ మీద సెకనుకు వంద, నూట ఇరవై కమిట్లకు మించి ఆశించలేం. ‘స్టార్ట్ ట్రాన్సాక్షన్’ అని, 500 వరుసలు ఎక్కించి, ఒక్కసారి కమిట్ చేస్తే ఆగేది ఒక్కసారే. సెట్టింగు 1 మీదే ఉంటుంది. మధ్యలో ఒక వరుస తప్పయితే పోస్ట్‌గ్రెస్ ఆ 500నూ వెనక్కి తిప్పేస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో సాధారణంగా తప్పయిన స్టేట్‌మెంట్ (ఆదేశం) ఒక్కటే ఆగుతుంది, తక్కినవి కమిట్ అయిపోతాయి. ప్రోగ్రాం రాసేవాళ్లు ఇది చూసుకోవాలి.

కాటా చీటీలను మాత్రం ఇలా కట్టగట్టకూడదు, ఒక్కో చీటీకి ఒక్కో కమిట్ ఉండాల్సిందే. పాత ఏడాది లెక్కలు ఫైలు నుంచి ఎక్కించేటప్పుడైతే 2 పెట్టుకున్నా ఫర్వాలేదు, పోతే మళ్లీ ఎక్కించవచ్చు. పని కాగానే 1కి తేవాలి. ‘సెట్ గ్లోబల్’ ఆదేశంతో మార్చింది రీస్టార్ట్‌తో పోతుంది గానీ, ‘మై డాట్ ఐఎన్‌ఐ’ అనే సెట్టింగుల ఫైలులో రాసింది అలాగే ఉండిపోతుంది, రెండూ చూడాలి. బిన్‌లాగ్ (మార్పులను విడిగా రాసుకునే మరో చిట్టా) వాడుతుంటే ‘సింక్ బిన్‌లాగ్’ కూడా 1 ఉండాలి.

మిల్లు యజమానులు ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) కాగితం మీద ఈ విలువలు రాయించుకున్నాకే సంతకం పెట్టాలి.

— ఒక డేటాబేస్ నిర్వాహకుడు, భీమవరం