ఇవాళైనా చెరువు వస్తుందా, టీచర్?

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవుల్లో పిల్లలు ఇంట్లో కూర్చుని ఆడుకునే ఆటల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. చదరంగం, క్యారమ్స్, అష్టాచెమ్మా అన్నీ ఉన్నాయి. మా వరండాలో ఏడాదిగా నడుస్తున్న ఆట ఒక్కటే లేదు. దాని గురించి చెప్పాలని ఈ ఉత్తరం.

నేను రేపల్లెలో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా మేనల్లుడు బెంగళూరు నుంచి వచ్చినప్పుడు డంజన్స్ అండ్ డ్రాగన్స్ పుస్తకం తెచ్చి ఇక్కడే వదిలేసి వెళ్లాడు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేసిన ఆట అది. ఒకరు కథ నడుపుతారు, వాళ్లని డీఎం, అంటే డంజన్ మాస్టర్ అంటారు. మిగతావాళ్లు ఒక్కో పాత్ర తీసుకుని ‘నేను ఇది చేస్తాను’ అని చెబుతారు. చేసింది ఫలిస్తుందో లేదో తేలనప్పుడు ఇరవై ముఖాల పాచిక వేస్తారు. అలాంటి పాచిక మా ఊళ్లో దొరకలేదు. స్టీలు డబ్బాలో ఒకటి నుంచి ఇరవై దాకా చీటీలు వేసుకున్నాం. తీసిన చీటీని మళ్లీ డబ్బాలో వేయకపోతే లెక్క ఎలా మారిపోతుందో పిల్లలకు మొదటి ఆదివారమే అర్థమైంది. క్లాసులో సంభావ్యత పాఠం చెప్పడానికి నాకు వారం పడుతుంది.

నలుగురు పిల్లలు ఆడతారు. వాళ్లకు పుస్తకంలోని ఎల్ఫులు, డ్వార్ఫులు లాంటి జాతులు నచ్చలేదు. పంచభూతాల నుంచి పుట్టిన మనుషులుగా ఆడతామన్నారు. పుస్తకాల్లో అలాంటివాళ్లు లేకపోలేదు. జెనాసీ అంటారు, గాలి, నేల, నిప్పు, నీరు అని నాలుగు రకాలు. మేము ఆకాశాన్ని కూడా కలిపి నింగివాళ్లు, గాలివాళ్లు, నిప్పువాళ్లు, నీటివాళ్లు, నేలవాళ్లు అని పేర్లు పెట్టుకున్నాం. ‘భూతాల ఆట’ అని విని ఒక పిల్లవాడి తల్లి కంగారుపడి వచ్చారు. ఇక్కడ భూతమంటే దెయ్యం కాదనీ, గుళ్లో పూజారిగారు చెప్పే పంచభూతాలేననీ చెప్పాక స్థిమితపడి, కూర్చుని కాసేపు చూసి వెళ్లారు.

మొదట శక్తులన్నీ పిల్లలే రాశారు. గాలి పిల్లవాడు శ్రీకాళహస్తిలో వాయులింగం దగ్గర గర్భగుడిలో రెపరెపలాడే దీపాన్ని చూసి వచ్చాడు. అందుకని గాలే కావాలన్నాడు, మొదటి లెవెల్ నుంచే ఎగరగలనని రాసుకున్నాడు. నిప్పు పిల్లవాడికి నిప్పు విసరడం, నిప్పు దెబ్బ సగమే తగలడం. నేల పిల్లవాడు రాళ్లలో రప్పల్లో ఆగకుండా నడుస్తాడు. మా ఎదురింటి అమ్మాయి ఎనిమిదో తరగతి, నీటిమనిషి. నీళ్లలో ఊపిరి పీలుస్తుంది. కాగితం మీద చూస్తే అందరికీ సమానంగానే ఉన్నట్టు అనిపించింది.

ఒక ఆదివారం కోసం లోయ మీద తెగిపోయిన వంతెన సిద్ధం చేశాను. దాటడానికి ముప్పావుగంటైనా పడుతుందనుకున్నాను. గాలి పిల్లవాడు తాడు పట్టుకుని ఎగిరి అవతల కట్టేశాడు. రెండు నిమిషాల్లో అయిపోయింది. తర్వాతి వారం గదలు పట్టుకున్న రాక్షసులు వస్తే వాడు నలభై అడుగుల ఎత్తు నుంచి బాణాలు వేశాడు. కింద మిగతా ముగ్గురూ దెబ్బలు తిన్నారు. ఎదురింటి అమ్మాయి తన కాగితం అంచు పొడవునా పెన్సిల్‌తో చిన్న చిన్న అలలు గీస్తూ కూర్చుంది. నాలుగో వారం రాగానే చెప్పులు విప్పుతూనే అడిగింది, “ఇవాళైనా చెరువు వస్తుందా, టీచర్?”

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక పిల్ల నాలుగు ఆదివారాలు నా వరండాలో కూర్చుని తన వంతు కోసం ఎదురుచూసింది. కథ నడిపేది నేను, చెరువు పెట్టాల్సిందీ నేనే. కానీ ప్రతి వారం చెరువు పెడితే అది ఆ అమ్మాయి మీద జాలిపడి పెట్టిన చెరువవుతుంది. పిల్లలు అది ఇట్టే కనిపెడతారు.

అందుకని లెక్క రాయడం మొదలుపెట్టాను. ఆరు ఆదివారాలు ప్రతి శక్తికీ రెండు అంకెలు నోటుబుక్కులో వేశాను. ఎన్నిసార్లు పనికొచ్చింది, పనికొచ్చినప్పుడు ఒకటి నుంచి ఐదులో ఎంత పనికొచ్చింది. రెండూ గుణించాను. ఎగరడం 21 సార్లు, పనికొచ్చింది ఐదులో 4, మొత్తం 84. నిప్పువాడికి రెండు శక్తులూ కలిపి 49. నేలవాడికి 6. నీటిలో ఊపిరికి నేను ఐదుకు ఐదూ వేసి ఉంచాను. వచ్చింది సున్నా సార్లు. సున్నాతో గుణిస్తే ఏం వస్తుందో ఆ అమ్మాయే చెప్పింది.

ఈ ఆటకు కొత్త జాతిని రాసే చాలామంది శక్తి ఎంత పెద్దదో చూస్తారు, ఎంత తరచుగా వస్తుందో చూడరు. ప్రచురణకర్తలు కూడా దీన్ని ఒక్కసారిలో తేల్చలేకపోయారు. 2015లో వాళ్లు ఉచితంగా ఇచ్చిన చిన్న పుస్తకంలో నాలుగు రకాల జెనాసీల్లో చీకట్లో చూడగలిగేది నిప్పువాళ్లే. 2022లో తిరగరాసినప్పుడు ఆ చూపు నలుగురికీ ఇచ్చారు. 2015 పుస్తకంలోనే ఒక పక్షిజాతి మొదటి లెవెల్ నుంచే ఒక్కో వంతుకు యాభై అడుగుల వేగంతో ఎగిరేది, 2022లో దాన్ని నడక వేగానికి తగ్గించారు. నలభై ఏళ్లు దాటిన ఆటలోనే ఇన్ని మార్పులు జరిగితే, మా నలుగురు పిల్లలు మొదటిసారి తప్పు రాయడంలో వింతేముంది?

మార్చడానికి కూర్చున్నప్పుడు పిల్లలు మొదట బలహీనతలు పెడదామన్నారు. నీళ్లు పడితే నిప్పువాడు ఆరిపోవాలి, ఎండ తగిలితే నీటిమనిషి ఆవిరైపోవాలి. నేను ఒప్పుకోలేదు. అలాంటి బలహీనత కథలో రాకపోతే పెట్టినా పెట్టనట్టే. వచ్చిందా, ఆ రోజు ఒక పిల్లవాడు చేతులు కట్టుకుని కూర్చోవాలి. నిప్పువాళ్లకు తెలివి ఎక్కువ, నేలవాళ్లకు బలం ఎక్కువ అని పాత పుస్తకంలో ఉన్న అంకెలు కూడా తీసేశాను. పుట్టుకతోనే ఒకరికి తెలివి ఎక్కువ అనే మాట టీచర్‌గా నా నోటితో పిల్లలకు చెప్పలేను. 2024 నిబంధనల్లో ఆ అంకెల్ని జాతి నుంచి తీసి, పాత్ర పెరిగిన నేపథ్యానికి ఇచ్చారని తర్వాత తెలిసి సంతోషించాను.

దారి మన దగ్గరే దొరికింది. ఆకాశం నుంచి వాయువు, వాయువు నుంచి అగ్ని, అగ్ని నుంచి నీరు, నీటి నుంచి పృథ్వి పుట్టాయని తైత్తిరీయోపనిషత్తు చెబుతుంది. ఒక్కో భూతానికి ఒక్కో గుణం ఉందని మా నాన్నగారు చిన్నప్పుడు చెప్పేవారు. ఆకాశానికి శబ్దం, వాయువుకు స్పర్శ, అగ్నికి రూపం, నీటికి రసం, పృథ్వికి గంధం. ముందున్న భూతాల గుణాలు కూడా తర్వాతివాటికి వస్తాయి కాబట్టి నేలకు ఐదూ, ఆకాశానికి ఒక్కటే. అలాగే రాస్తే నేలవాడికి ఐదు శక్తులు ఇవ్వాల్సి వస్తుంది. అందుకని ఒక్కొక్కరి సొంత గుణం మాత్రమే తీసుకున్నాను. ఆ గుణంతో తెలుసుకోవాల్సింది ఏదొచ్చినా రెండుసార్లు చీటీ తీసి పెద్దది ఉంచుకోవచ్చు. పదకొండుకు తగ్గకుండా రావాలంటే ఒక్క చీటీతో అవకాశం 50 శాతం, రెండుసార్లు తీస్తే 75 శాతం.

గాలివాడు ఇప్పుడు ఎగరడు. రోజుకోసారి పది అడుగులు పైకి లేస్తాడు, ఇంకొకరిని చేయి పట్టుకుని లేపగలడు. గోడకు అరచెయ్యి ఆనించి సన్నటి గాలి తగిలితే అక్కడ దొంగతలుపు ఉందని చెబుతాడు. ఎగరడం పోయినందుకు వాడు రెండు వారాలు అలిగాడు, ఇప్పుడు చెయ్యి ఆనించనిదే ఏ గదిలోంచీ బయటికి రాడు. నిప్పువాడికి చీకట్లో చూపు ఉంది, నిప్పు విసరడం రోజుకు రెండుసార్లే. దెబ్బ సగమవడం అలాగే ఉంచాను, అవతలివాడు నిప్పు విసిరితేనే అది పనికొస్తుంది. నేలవాడిని ఎవరూ తోసి పడేయలేరు. మట్టి వాసన చూసి ఎవరు నడిచి వెళ్లారో, వాన ఎప్పుడు పడిందో చెబుతాడు.

నీటిమనిషికి రుచి. అది ఆ అమ్మాయే పట్టుకుంది. బోరు నీళ్లకు ఉప్పు ఎక్కిందో లేదో వాళ్ల తాతయ్య గుక్కెడు నోట్లో వేసుకుని చెప్పేస్తారట. సముద్రం దగ్గరున్న మా ప్రాంతంలో ఇది కొత్త సంగతి కాదు. “నా మనిషి కూడా అలా చెప్పొచ్చా?” అంది. చెరువు రాకపోయినా బావి ఉంటుంది, కుండ ఉంటుంది, పులుసు ఉంటుంది, చెమట, కన్నీళ్లు ఉంటాయి. మొన్నటి ఆటలో ఒక కొండ ఊళ్లో బావినీళ్లు చేదగానే రుచి చూస్తానంది. రెండు చీటీలు తీసింది. 4, 17. నీళ్లు ఉప్పగా ఉన్నాయని చెప్పాను. కాసేపు ఆలోచించి, “కొండ మీద ఉప్పేంటి? కింద నుంచి సముద్రానికి సొరంగం ఉంది” అంది. ఊళ్లో మనుషులు మాయమవుతున్న దారి అదే. మిగతా ముగ్గురూ ఒక్కసారి ఆ అమ్మాయి వైపు తిరిగారు. నేను దాచిపెట్టిన సంగతి అంత త్వరగా బయటపడినందుకు నాకెంత ఆనందమైందో చెప్పలేను.

మార్పుల తర్వాత మరో ఆరు ఆదివారాల లెక్క ఇది. గాలి 31, నిప్పు 33, నీరు 28, నేల 26. ఇంతకంటే దగ్గరికి రావాలని నాకు లేదు.

మీకు నా విన్నపం ఒకటే. పిల్లల పేజీలో వారానికి పది లైన్లు ఈ ఆటకు ఇవ్వండి. పిల్లలు సొంతంగా ఒక జాతిని రాసి, ఎన్నిసార్లు, ఎంత అనే రెండు అంకెలు పక్కనే వేసి పంపమనండి. ఖర్చు ఇరవై చీటీలు, ఒక డబ్బా.

ఇంకొక సంగతిలో మీ పాఠకుల సాయం కావాలి. నింగివాళ్లను మా పిల్లల్లో ఎవరూ తీసుకోవడం లేదు. వాళ్లకున్నది శబ్దం ఒక్కటే. మూసిన తలుపు మీద తట్టి, అవతలి గది ఎంత పెద్దదో ప్రతిధ్వనిని బట్టి చెబుతారు. ఆ పాత్రను నేనే ఆరు వారాలు ఆడి చూశాను, 11 దాటలేదు. ఎగరడం మాత్రం ఇవ్వను. ఇంకేం ఇవ్వాలో ఎవరికైనా తోస్తే మీ పేజీకే రాయమనండి. ఆదివారం పేపరు రాగానే మా వరండాలో అందరం కలిసి చదువుకుంటాం.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్,
రేపల్లె