పుస్తకం మూసినంక ఏం మిగులుతదో చూడు బిడ్డా

గోదావరిఖని,
బుధవారం రాత్రి

బిడ్డా,

మొన్న ఫోన్ల లొల్లి అయిందని ఈ ఉత్తరం రాస్తున్న. సైన్సుల మార్కులు తగ్గినయని వినంగనే గొంతు లేపిన. అది నా తప్పు. నువ్వు చదవక మార్కులు తగ్గలేదని నాకు తెలుసు. నీ గదిల లైటు రాత్రి పదకొండు దాకా వెలుగుతనే ఉంటదని అమ్మ చెప్తది.

దసరాకు వచ్చినప్పుడు రెండు రోజులు నీ పక్కన కూసున్న, యాదికున్నదా? మూత్రపిండాల పాఠం చదువుతున్నవు. పేజీ నిండ పసుపు హైలైటర్, గీత పడని వరుస ఒక్కటి లేదు. మూడుసార్లు పైకి చదివినవు. నాలుగోసారి మొదలుపెట్టంగ నేను పుస్తకం తీసుకొని తెల్లకాగితం చేతిల పెట్టి, మూత్రపిండంల రక్తం వడకట్టే సన్న నాళం, నెఫ్రాన్, దాని బొమ్మ గీయమన్న. గిన్నె లెక్క భౌమన్ గుళిక గీసినవు, అందుల సన్న రక్తనాళాల ఉండ గీసినవు. అక్కడ పెన్సిల్ ఆగింది. నాళం ఎటు తిరగాలె, వడకట్టిన నీళ్ళల్లకెల్లి గ్లూకోజు మళ్ళ రక్తంలకు ఎక్కడ పోతది, ఏదీ రాలేదు. "ఇప్పుడే చదివిన గదా బాపూ" అని కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నవు. ఆ పెన్సిల్ ఆగిన జాగ నా మనసులకెల్లి పోతలేదు.

నేను బొగ్గు బాయిల కొత్తగ చేరినప్పుడు పైకప్పు ఎట్ల పరీక్ష చెయ్యాల్నో ట్రైనింగ్‌ల చెప్పిన్రు. కర్రతోటి తట్టాలె, గట్టిగ మోగితే రాయి నిలకడగ ఉన్నట్టు, డొల్ల చప్పుడు వస్తే విడిపోయినట్టు. నోట్సుల రాసుకున్న, బట్టీ కొట్టిన. లోపలికి దిగినంక మా సర్దార్, అంటే బాయిల మా పని చూసే పెద్ద, కర్ర నా చేతికిచ్చి, "తట్టి చెప్పు, నిలబడొచ్చా లేదా?" అని అడిగిండు. నోరు పెగల్లేదు. ఆయన కోపం చెయ్యలేదు. వారం పొడుగునా ప్రతి జాగల నాతోటే తట్టించిండు, ముందుగాల నన్నే చెప్పమన్నడు, తప్పయితే మళ్ళ తట్టించిండు. ఇన్నేండ్లయినా ఆ చప్పుడు నా చెవులకు పక్కాగ తెలుస్తది. నోట్సు మాత్రం ఎటు పోయిందో తెల్వదు.

ఇది మీ పిన్నికి చెప్తే, తను కాలేజీల చెప్పే సైకాలజీల ఇదే ఉన్నదన్నది. 2006ల అమెరికాల రోడిగర్, కార్పికీ అని ఇద్దరు పరిశోధకులు కాలేజీ పిల్లలకు ఒక పాఠం ఇచ్చిన్రట. కొందరు నాలుగు విడతలు చదువుడే చేసిన్రు. కొందరు ఒక్క విడత చదివి, తర్వాత మూడుసార్లు పాఠం చూడకుంట యాదికి తెచ్చుకొని రాసిన్రు. 5 నిమిషాలకు అడిగితే చదువుడే చేసినోళ్ళు 83 శాతం చెప్పిన్రు, రాసినోళ్ళు 71 శాతమే. అదే వారం తర్వాత అడిగితే చదివినోళ్ళకు 40 శాతం మిగిలింది, రాసినోళ్ళకు 61. ఈ లెక్క విన్నంక నాకు నీ సంగతి తెలిసింది బిడ్డా. నాలుగుసార్లు చదివితే అంతా వచ్చినట్టే అనిపిస్తది, ఆ పూటకు వస్తది గూడ. పరీక్షనాటికి ఉండది. నీ తెలివికి తక్కువేం లేదు, చదివే పద్ధతే నీకు అడ్డం పడుతున్నది.

అందుకే పోయిన వారం లీవు పెట్టి హనుమకొండ వచ్చినప్పుడు ట్యూషన్లు చూస్తానికి పోయిన. నీకు చెప్పలేదు, నువ్వు బడిల ఉన్నవు.

అమ్మ చెప్పిన పెద్ద సెంటర్‌కే ముందు పోయిన. బయట పెద్ద ఫ్లెక్సీ, దాని నిండ ర్యాంకుల పిల్లల ఫొటోలు. లోపల కౌంటర్ల కూసున్నాయన నీ మార్కులు అడిగిండు, నా ఫోన్ నంబర్ తీసుకున్నడు, 550 దాటిస్తం గ్యారంటీ అన్నడు. నువ్వు ఎట్ల చదువుతవు, ఎక్కడ ఆగుతున్నవు, ఆ ముచ్చటే రాలేదు. క్లాసు చూపించమంటే తలుపు సందుల నుంచి చూపిచ్చిన్రు. అరవై మంది దాకా ఉంటరు. సారు బోర్డు మీద రాస్తుండు, పిల్లలు ఎక్కించుకుంటున్నరు. నేను నిలబడ్డంత సేపు ఒక్క పిల్లను ఒక్క ప్రశ్న అడగలేదు. పరీక్షల దాకా ఫీజు మొత్తం ఒక్కసారే కట్టాలె, మధ్యల మానితే తిరిగి ఇచ్చేది లేదని రశీదు మీదనే అచ్చు కొట్టి ఉన్నది.

ఇంకోటి గూడ ఉన్నది. 2024 జనవరిల కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. 50 మందికి మించి పిల్లలున్న చోట 16 ఏండ్లు నిండనోళ్ళను చేర్చుకోవద్దని, ర్యాంకులు మార్కులు వస్తయని గ్యారంటీ చెప్పొద్దని, ఫీజు మొత్తం కట్టినంక మధ్యల మానేస్తే మిగిలింది 10 రోజులల్ల తిరిగి ఇయ్యాలని అందుల ఉన్నది. నీకు పదిహేనే. ఆ మాట అంటే కౌంటర్ల ఆయన నవ్వి ఫారం ముందుకు జరిపిండు. నేను లేచి వచ్చిన.

ఇంకోటి మన గల్లీ మూలకే ఉన్నది. స్కూల్ల ఇచ్చిన హోంవర్కు చేయించి పంపుతరు. అది నీకు అవసరం లేదు.

మూడోది వడ్డేపల్లి వైపు, రిటైరయిన సైన్సు టీచరమ్మ ఇంట్లనే చెప్తది. పన్నెండు మంది పిల్లలు, కింద చాపల మీద కూసుంటరు. నేను పోయేటాళ్ళకు పుస్తకాలన్ని గోడ పక్కన పేర్చి ఉన్నయి. నిన్న చెప్పినదాంట్ల యాదికున్నది రాయమన్నదట, అందరు రాస్తున్నరు. తర్వాత పుస్తకం తెరిచి ఎవరిది వాళ్ళే దిద్దుకున్నరు. తప్పయినయి ఇంకో నోట్‌బుక్కుల తేదీ వేసి ఎక్కిస్తరు, వారానికి మళ్ళ అవే అడుగుతది. నీ గురించి చెప్పిన. "ఆ ఆగిన బొమ్మ పారెయ్యకుండ తెమ్మనుండ్రి" అన్నది. మార్కుల గ్యారంటీ ఏమీ ఇయ్యలేదు, నెల నెల ఫీజు చాలన్నది.

ఒక ఇబ్బంది ఉన్నది. టీచరమ్మ సైన్సు, లెక్కలే చెప్తది. సోషల్, ఇంగ్లీషు నువ్వే చూసుకోవాలె. నాకైతే అది నష్టం అనిపిస్తలేదు. అక్కడ నేర్చుకున్న పద్ధతి ఇంట్ల సోషల్‌కు వాడుకోవచ్చు. అమ్మకు ఇంకా పెద్ద సెంటర్ మీదనే మనసున్నది, పక్కింటి పిల్ల అందుల చేరిందని. అమ్మతోటి నేను మాట్లాడుత, నువ్వు మధ్యల పడకు.

నా మనసుల ఏమున్నదో దాచలేదు. కానీ రోజూ సాయంత్రం పోయి కూసునేది నువ్వు. రెండు రోజులు పోయి చూడు. నువ్వు తప్పు చెప్పినప్పుడు టీచరమ్మ ఏమంటదో చూడు, పక్క పిల్లలు నవ్వుతరా చూడు. మనసుకు పట్టకపోతే చెప్పు, ఇంకో చోటు వెతుకుత. మార్చిల పరీక్షలకు ఇంక నాలుగు నెలలున్నయి, తొందరేం లేదు. రాత్రి మాత్రం పదింటికే పండుకో.

శనివారం మొదటి షిఫ్టు దిగంగనే కరీంనగర్ మీదికెల్లి బస్సెక్కుత. ఆదివారం నాలుగింటికి టీచరమ్మ రమ్మన్నది, ఇద్దరం పోదాం. ఆ తెల్లకాగితం నీ సైన్సు పుస్తకంల వెనక అట్ట కాడ పెట్టిన, తీసి ఉంచు.

నీ బాపు