నడకకు తోడుగా వినిపించే కథల గురించి

సభ్యులందరికీ నమస్కారం.

నడిచే దారిలో ఒక్కో చోటికి చేరగానే ఫోన్‌లో దానంతట అదే మొదలయ్యే కథలను రాయబోయే ముందు, కొన్ని విషయాలు మీ దృష్టికి తేవాలనుకుంటున్నాను. కళాకారిణి జానెట్ కార్డిఫ్ 1991లో కెనడాలోని బాన్ఫ్‌లో తన తొలి ఆడియో నడకను రూపొందించినప్పుడు వినేవారి దగ్గర ఉన్నది వాక్‌మన్ (వెంట తీసుకెళ్లే చిన్న క్యాసెట్ ప్లేయర్) మాత్రమే కాబట్టి, వారి నడక వేగాన్ని ఆమె గొంతే నిర్ణయించవలసి వచ్చింది. 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం పౌరులకు అందే జీపీఎస్ కచ్చితత్వాన్ని కావాలని తగ్గించడం మానేసిన తర్వాతే, మనిషి ఎక్కడుంటే కథ అక్కడిదై వినిపించే వీలు కలిగింది.

అయినా ఆ వీలును అతిగా నమ్మకూడదు. ఆరుబయట ఫోన్ సుమారు 5 మీటర్ల తేడాతో మనం ఉన్న చోటును చెప్పగలదు గాని, ఎత్తైన భవనాల మధ్య జీపీఎస్ సంకేతాలు గోడలకు తగిలి తిరిగి రావడంతో, పక్క వీధిలో వినిపించవలసిన భాగం ఈ వీధిలోనే మొదలైపోవచ్చు. అందుచేత "మీ ఎడమవైపు చూడండి" అని రాయడం కన్నా, "రాతి కమాను కింద నీలం రంగు చెక్క తలుపు కనిపించేదాకా నడవండి" అని రాయడమే మేలు. అప్పుడు పది అడుగులు అటూ ఇటూ అయినా శ్రోతలు తికమకపడరు. రెండు భాగాల మధ్య ఆ చోటి చప్పుళ్లు చెవిన పడేంత మౌనం ఉంచండి. అది కూడా కథలో భాగమేనని నా గట్టి నమ్మకం. రోడ్డు దాటే చోట మాత్రం మాట అసలే ఉండకూడదు.

రాసినదాన్ని గ్రూపులో పెట్టేముందు, దయచేసి ఆ దారిలోనే నడుస్తూ ఒకసారి పైకి చదివి చూడండి.