బీచ్‌లో బుడగల తుపాకీ, నా లీవర్ రైఫిల్

మావయ్యా, నమస్కారం.

మొన్న ఫోన్‌లో "ఆ తుపాకీ ఎలా కొడుతోందిరా" అని మీరు అడిగితే "పర్లేదు" అని మాట మార్చేశాను. అత్తయ్య పక్కనే ఉందని తెలుస్తోంది, నేను తుపాకీ కొన్నానని ఆవిడ చెవిన పడితే ఆ పూట ఇంట్లో ఎవరికీ భోజనం ఉండదు. అందుకే ఉత్తరం.

నిజం చెప్పాలంటే మొదటి రెండు వారాలూ మోసపోయాననే అనుకున్నాను. ఇక్కడ పెన్సిల్వేనియాలో జింకల సీజన్ వస్తే మా వీధిలో సగం మంది అడవిలోనే ఉంటారు, వాళ్లతో పాటు వెళ్దామని సెకండ్ హ్యాండ్‌లో పాత లీవర్ రైఫిల్ ఒకటి కొన్నాను, థర్టీ-థర్టీ (అది తూటా రకం పేరు). ట్రిగ్గర్ చుట్టూ కడియంలా ఉండే లీవర్‌ని కిందికి తోసి మళ్లీ పైకి లాగితే పేలిన తూటా ఖాళీ కేసు ఎగిరి పడి కొత్త తూటా లోపలికి వెళ్తుంది. ఆ చప్పుడు కోసమే కొన్నానంటే మీరు తిడతారు. వంద గజాల దగ్గర ఐదు కాలిస్తే చిల్లులు ఆరంగుళాల మేర పడ్డాయి. పక్క బెంచీ మీద ఓ కుర్రాడు బోల్ట్ రైఫిల్‌కి (గడియలాంటి పిడి లాగి తూటా ఎక్కించే రకం) స్కోప్, అదే గురి చూసే దుర్బిణీ, పెట్టుకుని ఐదూ అంగుళంలో పెడుతున్నాడు. మీరుంటే "ఏటిరా ఇది, గుప్పెడు శనగలు చల్లినట్టుంది" అనేవారు.

ఆర్‌కే బీచ్‌లో బుడగలు పేల్చేవాడి దగ్గర మీరేం చేసేవారో గుర్తుందా? మొదటి గుండు బుడగకి కాదు, బుడగల మధ్య ఖాళీగా ఉన్న అట్టకి కొట్టేవారు. అది ఎడమకి పోతే అంత కుడికి గురిపెట్టి మిగతావన్నీ పేల్చేసేవారు, వాడు మొహం మాడ్చుకునేవాడు. నాకు అప్పుడు అర్థం కాలేదు కానీ, గురి పక్కకి పోవడం వేరు, చెదరడం వేరు. నా రైఫిల్ కూడా నాలుగంగుళాలు కుడికి కొడుతుంటే వెనక సైట్‌ని, అంటే గురి చూసే గాటుని, కాస్త ఎడమకి తట్టాను, సరిపోయింది. ఆరంగుళాల చెదురు మాత్రం అలాగే ఉంది. దానికి తట్టడం పనికిరాదు.

మా పక్కింటి పెద్దాయన యాభై ఏళ్లుగా వేటాడుతున్నాడు. నా టార్గెట్ చూసి నవ్వి, బారెల్ మీద చెయ్యి పెట్టి చూడమన్నాడు. కాలిపోతోంది. ఈ రకంలో తూటాల గొట్టం బారెల్ కిందే ఉంటుంది, రెండింటినీ కలిపి పట్టీలతో బిగిస్తారు. బారెల్ వేడెక్కి సాగుతుంటే గొట్టం, పట్టీలు దాన్ని లాగుతాయి, దాంతో మూడో తూటా నుంచీ దెబ్బ పడే చోటు పక్కకి జరగడం మొదలవుతుంది. పైగా తుపాకీని పట్టుకునే కర్ర భాగం రెండు ముక్కలు, ముందొకటి వెనకొకటి. బోల్ట్ రైఫిల్‌కి ఒకే కర్ర, తూటా వెనక తాళం కూడా ముందువైపే గట్టిగా పడుతుంది, మనదానికి వెనకవైపు పడుతుంది. ఇంకోటి, గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి కదా, మొన సూదిగా ఉంటే ముందున్నదాని ప్రైమర్‌ని (తూటా అడుగున ఉండే, మందు అంటించే బిళ్ల) పొడిచి పేల్చేస్తుందని మొన చదునుగా చేస్తారు. ఆ చదును మొన వల్ల గాలికి తూటా వేగం త్వరగా తగ్గిపోతుంది. వంద గజాలకి సరిచేసిన రైఫిల్ రెండొందల గజాల దగ్గర దాదాపు 8 అంగుళాలు కిందికి కొడుతుంది. (ఈ మధ్య సూదిగా ఉన్నా మెత్తటి కొన ఉన్న తూటాలు కూడా వస్తున్నాయి, కాస్త ఖరీదు.)

సగం తప్పు నాదే లెండి. ఇసుక సంచి మీద బారెల్‌నే ఆనించాను, కర్రని ఆనించాలట. ముందు సైట్ పూస వంద గజాల దగ్గర ఆరేడు అంగుళాల్ని కప్పేస్తుంది, నేనేమో దాని వెనక అంగుళం చుక్క పెట్టుకుని వెతుకుతున్నాను! పెద్ద నల్లటి గుండ్రం పెట్టి, దాని అడుగు అంచుకి పూసని తాకించి కాల్చడం మొదలుపెట్టాను. ఒక్కో తూటాకీ మధ్య రెండు నిమిషాలు ఆగాను. 150 గ్రెయిన్ (గుండు బరువు లెక్క అది) తూటాలు మాని 170వి తెచ్చాను, నా రైఫిల్‌కి అవే నచ్చాయి, మరోదానికి నచ్చుతాయని లేదు. ఇప్పుడు మూడంగుళాలు. మీ ఎన్‌సీసీ లెక్కలో చెప్తే పాతిక గజాల దగ్గర ముప్పావు అంగుళం గ్రూపింగ్. మీరు ఇంకా తక్కువలో కొట్టేవారని తెలుసు, కానీ అది చిన్న తూటా పాయింట్ టూ-టూ రైఫిల్, పైగా పడుకుని.

వీటికి రెండు నుంచి నాలుగు అంగుళాలు మామూలేనట. జాన్ బ్రౌనింగ్ గీసిన 1894 నాటి వించెస్టర్ దగ్గర్నుంచీ జనం వీటితోనే జింకల్ని కొడుతున్నారు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది అంగుళాల మేర ఉంటుంది. పెద్దాయన టార్గెట్ ఏంటనుకున్నారు, పేపర్ ప్లేటు! నిలబడి, చెట్టుకి ఆనుకుని, రొప్పుతూ ఎంత దూరం దాకా ఆ ప్లేటుని తప్పకుండా కొట్టగలవో అదే నీ దూరం అన్నాడు. నాకది ఎనభై గజాలు వచ్చింది. ఇక్కడి అడవిలో అరవై గజాల అవతల ఎలాగూ చెట్లే కనిపిస్తాయి. స్కోప్ పెట్టించమని అందరూ అంటున్నారు, నాకు ఇష్టం లేదు, చేత్తో మధ్యలో పట్టుకుని నడిచే సుఖం పోతుంది.

నిన్నటి టార్గెట్ మడతపెట్టి ఇందులోనే పంపుతున్నాను, స్కేలు పెట్టి మీరే కొలవండి. కుడివైపు పైన విడిగా ఒక చిల్లు ఉంది చూడండి, ట్రిగ్గర్ గుంజేశాను, అది నాది, తుపాకీది కాదు. అత్తయ్య అడిగితే బీచ్‌లో బుడగల అట్ట లాంటిదని చెప్పండి.

మీ మేనల్లుడు