షాంపూ పేరు చెప్పే ముందు జుట్టు ఎందుకు రాలుతోందో అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం.

జుట్టు రాలుతోంది, ఏ మందు షాంపూ వాడాలని మీ ఆరోగ్య పేజీకి ఎంతోమంది రాస్తుంటారు. జవాబులో కీటోకొనజోల్, జింక్ పైరిథియోన్, సెలీనియం సల్ఫైడ్ అన్నీ ఒకే వరసలో వచ్చేస్తాయి, ఏది దొరికితే అది వాడుకోవచ్చన్నట్టు. ఆ మందులు ఉన్నది ప్రధానంగా చుండ్రుకి, జుట్టు రాలడానికి కాదు, ఈ మాట ముందుగా చెప్పాలి కదండీ.

నా సంగతే చెప్తాను. గట్టి జ్వరం వచ్చి తగ్గిన మూడు నెలలకి దువ్వెన నిండా వెంట్రుకలు, బాత్రూం జాలీ మీద ఉండలు. టెన్షన్‌తో వరసగా మూడు షాంపూలు మార్చాను. చివరికి చర్మ వైద్యురాలి దగ్గరికి వెళ్తే ఆవిడ నా భుజం మీద రాలిన వెంట్రుకనే తీసి వెలుతురులో పట్టుకుని చూపించారు, కొసన సన్నటి తెల్లని బుడిపె ఉంది. అది తెగింది కాదు, జ్వరం దెబ్బకి విశ్రాంతి దశలోకి వెళ్లి కుదురుతో సహా ఊడిందట, ఆరు నెలల్లో చాలామందికి దానంతట అదే తగ్గుతుందట. సరిగ్గా నా మూడో షాంపూ సగమయ్యేసరికి రాలడం తగ్గింది, ఆవిడ చెప్పి ఉండకపోతే అడిగిన ప్రతివాళ్లకీ ఆ షాంపూ పేరే చెప్పేదాన్ని.

బుడిపె లేకుండా మధ్యలో తెగే జుట్టు వేరు. మామూలు షాంపూ సీసాలు చాలావాటి మీద రాలడం తగ్గిస్తుందని పెద్ద అక్షరాలతో వేసి, తెగడం వల్ల రాలేది మాత్రమే అని చిన్న అక్షరాల్లో వేస్తారు.

ఇక పోలిక. కీటోకొనజోల్ 2 శాతం షాంపూ చుండ్రుకి కారణమయ్యే మలాసీజియా అనే ఫంగస్‌ని అణుస్తుంది. మగవాళ్ల బట్టతల మీద దీన్ని 2 శాతం మినాక్సిడిల్‌తో (బట్టతలకి మాడు మీద రాసే మందు) పోలిస్తే ఫలితం ఇంచుమించు ఒకేలా ఉందని 1998లో ఒక అధ్యయనం వచ్చింది, కానీ అది చాలా చిన్నది, దాన్ని పట్టుకుని మినాక్సిడిల్ మానేయమని ఎవరికీ చెప్పకూడదు. జింక్ పైరిథియోన్ 1 శాతం షాంపూ రోజూ వాడితే కూడా మగవాళ్ల బట్టతలకి కొంచెం మేలు కనిపించింది, అయితే 5 శాతం మినాక్సిడిల్‌తో వచ్చిన దానిలో సగం కూడా కాదు. సెలీనియం సల్ఫైడ్ చుండ్రుకి మంచి మందే, కానీ రంగు వేసుకున్న జుట్టు రంగు మారిపోవచ్చు, బాగా కడుక్కోవాలి. శాలిసిలిక్ యాసిడ్, కోల్‌తార్ పొట్టు వదిలిస్తాయి, అంతే.

ఇంకోటి, ఎలా వాడాలో ఎవరూ రాయరు. కీటోకొనజోల్ నురగ మాడు మీద 3 నుంచి 5 నిమిషాలు ఉండాలి, చుండ్రుకైతే వారానికి రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు. నేను పట్టించిన వెంటనే నీళ్లు పోసేసుకునేదాన్ని!

అందుకని నా మనవి ఒకటే. జవాబు వేసేటప్పుడు మందు పేరుతోపాటు ఎంత శాతమో, ఎన్ని నిమిషాలు ఉంచాలో, ఏ రకం రాలడానికో వేయండి. రూపాయి బిళ్లంత మేర గుండ్రంగా జుట్టు పోయినా, పాపిడి వెడల్పవుతున్నా షాంపూలతో నెలలు గడపకుండా డాక్టరుకి చూపించుకోమని ఆ జవాబులోనే రాయండి.

— మీ పాఠకురాలు