రాత తగ్గి, గొంతు పెరుగుతోంది

సంపాదకులకు,

ఇరవై ఏళ్లుగా జనగామలో సెల్ రీచార్జ్ దుకాణం నడుపుతున్నాను. 2014లో ఆర్కుట్ అనే సోషల్ మీడియా సైటు మూతపడటం, 2020 జూన్‌లో టిక్‌టాక్ నిషేధం తర్వాత కుర్రాళ్లు ఇన్‌స్టా రీల్స్‌కు మళ్లడం ఈ కౌంటర్ వెనక నుంచే చూశాను. ఇప్పుడు వస్తున్న మార్పు వేరు. పత్తి ఏరడానికి పోయే ఆడవాళ్లు వాట్సాప్‌లో మైకు గుర్తు నొక్కి మాట్లాడి పంపుతున్నారు. యూట్యూబ్‌లో పాట కావాలన్నా నోటితోనే అడుగుతున్నారు. అయిదేళ్లలో మా పల్లెల్లో టైపు చేసేవాళ్లు అరుదైపోతారని నా నమ్మకం. చదువు రానివాళ్లకు ఇది గొప్ప వరం.

భయమూ అక్కడే. కొడుకు గొంతును కంప్యూటర్‌తో అనుకరించి ఎవరో డబ్బడిగితే ఆ తల్లి ఎట్లా పోల్చుకుంటుంది? మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని అట్ట మీద రాసి దుకాణానికి కట్టాను. చదవలేనివాళ్లకు నేనే చెబుతున్నాను. పంచాయతీ మైకుల్లోనూ చెప్పించండి.

– ఒక సెల్ దుకాణదారు, జనగామ